ఆయ్ అనకూడని ఎండాకాలం

మా ఆయన కువైట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడల్లా ఇంట్లోకి ఏదో ఒకటి కొత్తగా చేరుతుంది. ఒకసారి ఫ్రిజ్, ఒకసారి ఎవరూ కూర్చోని సోఫా, ఒకసారి పూటపూటకీ అరబ్బీలో ఏదో పాడే గడియారం. మొన్న వేసవిలో మాత్రం, కాలువలకి నీళ్ళు కట్టేసిన రోజుల్లో దిగి, వస్తూనే ఒక పాత తెల్ల కారు కొన్నారు. ఆ కారు వేసుకుని చేపలు తెస్తానని అంతర్వేది వెళ్ళి, కుక్కపిల్లతో తిరిగొచ్చారు.

చేపల కోసం తపేలా పట్టుకుని గుమ్మంలోకి ఎదురెళ్ళిన మా అత్తయ్యగారి చేతుల్లో ఇసుకరంగు పిల్ల ఒకదాన్ని పెట్టారు. దానికి ఒక చెవి నిలబడి ఉంది, ఇంకోటి వాలిపోయి ఉంది. అది ఆవిడ మొహంలోకి ఒకసారి తేరిపార చూసి, తపేలాలోనే భళ్ళున వాంతి చేసుకుంది.

"ఇదేంట్రా రవణా! పండుగప్ప తెస్తానని ఇదా తెచ్చేవు?"

"కారు కింద పడుకుందమ్మా. ఎంత అదిలించినా లేవదు. రేవు దగ్గర చేపలమ్మే ఎలీసమ్మ గారు, 'మీకే రాసిపెట్టుంది బాబూ, తీసుకుపోండి' అన్నారు."

"మరి చేపలో?"

"మర్చిపోయేను."

ఆ పూట పప్పుచారుతో సరిపెట్టుకున్నాం.

మాది రాజోలు దగ్గర కాలువ గట్టు మీద ఊరు. నేను వరండాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన పూర్తి పేరు వీరవెంకటరమణ. అంత పేరూ పాస్‌పోర్టులో తప్ప ఎక్కడా పనికిరాలేదు, ఊరందరికీ రమణే, వాళ్ళమ్మకి రవణ. పెళ్ళయిన మరుసటేడు కువైట్ వెళ్ళారు. అక్కడ ఒక ముసలాయన ఇంట్లో కారు డ్రైవరు. ఆ ముసలాయన్ని బాబా అంటారు. మా అమ్మాయి యామిని ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. దానికి బుద్ధి తెలిసినప్పటి నుంచీ వాళ్ళ నాన్న అంటే రెండేళ్ళకోసారి సూట్‌కేసుతో వచ్చే మనిషి.

ఆయన వచ్చినప్పుడే దించే పెద్ద కంచం ఒకటి ఉంది మా ఇంట్లో. అందులో ఆయనకి వడ్డించి, అత్తయ్యగారూ నేనూ యామినీ ముగ్గురం చుట్టూ నిలబడతాం. ఆయన ఒద్దికగా తల వంచుకుని తింటారు. ఉప్పు తగ్గినా అడగరు, ఎక్కువైనా అనరు. కన్నకొడుక్కీ కట్టుకున్నవాడికీ కన్నతండ్రికీ కలిపి చుట్టపు మర్యాద చేస్తున్నామని మాకూ తెలుసు. కానీ వేరే ఎలా ఉండాలో ఎవరికీ చేతకాలేదు.

ఆ పూట పప్పుచారు కలుపుకుంటూ ఆయనే నోరు విప్పారు.

"మే నెలాఖరుకి అందరం కార్లో అరకు వెళ్దాం. బాబా వాళ్ళని ఎడారంతా తిప్పేను. గుడారాలు వెయ్యడం, మాంసం కాల్చడం, పిల్లల్ని నిద్రపుచ్చడం అన్నీ చేసేను. మనవాళ్ళని రాజమండ్రి కూడా తిప్పలేదు. ఇదీ వస్తుంది," అని కుక్కపిల్లని చూపించారు.

"ఆయ్," అన్నాను నేను.

"ఆయ్," అన్నారు అత్తయ్యగారు.

"ఆయ్ నాన్నగారూ," అంది యామిని.

మా వైపు ఈ మాట లేకపోతే రోజు గడవదు. అవునన్నా ఆయే, సరేనన్నా ఆయే, విన్నామన్నా ఆయే, వినలేదని చెప్పడం బాగోకపోయినా ఆయే. అందులో ఒప్పుకోలు ఎంతో, మర్యాద ఎంతో అన్నవాళ్ళకే తెలియదు. మా కాపురంలో సగం ఫోన్లో నేను పలికిన ఆయ్‌లే. "ఈ ఏడు రాలేనేమో" అంటే ఆయ్. "ఇంకో రెండేళ్ళు పొడిగించేను" అంటే ఆయ్. "వెళ్ళొస్తాను మరి" అంటే ఆయ్.

నాకున్న కోరిక ఒకటే. ఈసారి ఆయన తిరిగి వెళ్ళకూడదు. ఇల్లు పూర్తయింది, అప్పులు లేవు, అమ్మాయి చేతికొచ్చింది. ఇంకా ఎందుకు? జూన్‌లో సెలవు అయిపోతుంది. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కారు కొన్నారు కాబట్టి ఉండిపోతారేమోనని ఆశ, సోఫా కూడా కొన్నారుగా అని భయం.

కుక్కపిల్లకి కారంటే చావుభయం. తలుపు తీస్తేనే చొంగ కార్చేది, ఇంజను మోగితే కక్కేది. పశువుల ఆసుపత్రిలో డాక్టరు కృపారావు గారు దానికి టీకా వేసి, అరకు మాట వినగానే నవ్వారు.

"ఘాట్ రోడ్డుకి ఒకేసారి తీసుకెళ్తే మీరందరూ తడిసి వస్తారండి. ముందు ఆగిన కార్లో కూర్చోబెట్టండి. ఊరికే, ఎక్కడికీ వెళ్ళొద్దు. మీరూ కూర్చోండి. అది మర్చిపోయి నిద్రపోయిందనుకోండి, అప్పుడు ఇంజను వెయ్యండి. తరవాత గేటు దాకా, ఆ తరవాత గట్టు దాకా. ఖాళీ కడుపుతో ఎక్కించండి. తొందరపెట్టకండి."

"ఆయ్," అన్నాం అందరం.

ఆ సాయంత్రం నుంచి మా ఇంటి తీరు మారిపోయింది. ఎండ తగ్గగానే కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో ఆగి ఉన్న కార్లోకి ఎక్కేవాళ్ళం. అద్దాలు దించి, సీట్ల మీద నా పాత చీరలు పరిచి, ఆయన స్టీరింగు ముందు, పక్కన నేను, వెనక అమ్మాయీ అత్తయ్యగారూ. అత్తయ్యగారికి కూడా కారు పడదు, కడుపులో తిప్పుతుంది. "దానితోపాటు నాకూ అలవాటవుతుంది లెండి" అని తాటిముంజలు ఒలుచుకుంటూ కూర్చునేవారు.

దారిన పోయేవాళ్ళు ఆగి పలకరించేవారు.

"ఎక్కడికండి రమణగారూ, ప్రయాణం?"

"ఎక్కడికీ లేదండి. కూర్చున్నాం."

"అలాగాండి," అని వెళ్ళిపోయేవారు గానీ, కువైట్ ఎండకి రమణకి ఏదో అయిందని ఊళ్ళో ఒక మాట లేచింది. లేవనీ అనుకున్నాను. ఇంట్లో ఉంటే ఎవరి పని వాళ్ళకుంటుంది, టీవీ ఉంటుంది, ఫోను ఉంటుంది. ఆగిన కార్లో చెయ్యడానికి ఏమీ లేదు, మాట్లాడుకోవడం తప్ప. మొదటి రోజులు అదీ లేదు, నలుగురం అద్దంలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చున్నాం. తరవాత ఒక సాయంత్రం యామిని, "అక్కడ ఇసుకతుఫాను వస్తే కారు ఎలా నడుపుతారు?" అని అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. చెప్తూ స్టీరింగు తిప్పారు, హారను కొట్టారు, వెనక్కి తిరిగి చేతులూపారు. నాకు తెలిసి ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. కుక్కపిల్ల నా ఒళ్ళో నిద్రపోయింది.

పేరు దగ్గర పేచీ వచ్చింది. ఆయన సుల్తాన్ అన్నారు. యామిని లియో అంది. అత్తయ్యగారు ప్రేమగా వెధవా అనేవారు. అది మూడింటికీ పలకలేదు. చెవుడేమోనని కూడా అనుకున్నాం. ఒకనాడు పొద్దున్న అత్తయ్యగారికి ముక్తేశ్వరంలో ఉన్న చెల్లెలు ఫోన్ చేసింది. ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో మాట అడ్డం రానివ్వదు, ఈవిడ అరుగు మీద కూర్చుని "ఆయ్... ఆయ్..." అంటున్నారు. పెరట్లో చెప్పు కొరుకుతున్న కుక్కపిల్ల మొదటి ఆయ్‌కి పరుగెత్తుకొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆవిడ పట్టించుకోకపోయేసరికి మళ్ళీ వెళ్ళింది. రెండో ఆయ్‌కి మళ్ళీ వచ్చింది. ఫోను పెట్టేసేసరికి వెళ్ళీ వచ్చీ నాలుక వేలాడేసింది.

"అమ్మా, ఇది దాని పేరు ఆయ్ అనుకుంటోంది!" అని యామిని పగలబడి నవ్వింది.

అనుకోదూ మరి? దానికి అన్నం పెట్టమంటే ఆయ్ అని పెడతాం, దాన్ని ఎత్తుకోమంటే ఆయ్ అని ఎత్తుకుంటాం. ఆ మాట వినపడితే తనకేదో మేలు జరుగుతుందని దాని లెక్క. ఆ నవ్వులో మేమూ కలిశాం, ఆయ్ అనే పిలవసాగాం. అక్కడే పొరపాటు చేశాం.

ఇంజను అలవాటైంది. గేటు అయింది. గట్టు మీద తాటిచెట్ల దాకా అయింది. అరకుకి ముందు చివరి పరీక్షగా సఖినేటిపల్లి రేవులో కారుని పంటు ఎక్కించి, నరసాపురం దాకా వెళ్ళి రావాలనుకున్నాం. పంటంటే రెండు పడవల మీద బల్లలు పరిచినట్టుండే బల్లకట్టు. కార్లు, మోటారు సైకిళ్ళు, చేపల గంపలు, జనం అన్నీ దాని మీదే గోదావరి దాటుతాయి.

గాలి బాగుంది, కుక్కపిల్ల కక్కలేదు. అందరం సంబరపడ్డాం. నది మధ్యలోకి వచ్చాక ఆయన గాలి కోసం తలుపు తెరిచి కాలు కింద పెట్టారు. అంచు దగ్గర గొలుసు పక్కన ఒకాయన సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. టిక్కెట్ల మనిషి ఇటునుంచి కేకేశాడు.

"మీది తీసుకున్నారాండి?"

"ఆయ్!" అన్నాడు సైకిలాయన, గట్టిగా, నది అవతలికి వినపడేలా.

యామిని ఒళ్ళోంచి కుక్కపిల్ల ఎగిరి దూకింది. మా ఆయన మోకాలి మీదుగా, మోటారు సైకిళ్ళ సందుల్లోంచి, తనని పిలిచిన మనిషి దగ్గరికి. ఆ మనిషి బెదిరి కాలు వెనక్కి తీశాడు. అది పట్టు తప్పి గొలుసు కిందికి జారింది. ముందుకాళ్ళు నీళ్ళ మీద గాలిలో ఉన్నాయి.

"నాన్నా, పట్టుకో! పట్టుకో నాన్నా!" అని యామిని అరిచింది.

మీరూ గారూ ఏమీ లేవు ఆ అరుపులో. ఆయన బల్లల మీద బోర్లా పడి, చెయ్యి చాపి, వెనకకాలు దొరకబుచ్చుకున్నారు. లేచేసరికి కువైట్ చొక్కా నిండా నూనెమడ్డి, మోచెయ్యి చీరుకుపోయింది. కుక్కపిల్ల మాత్రం ఏం జరిగిందో తెలియక ఆయన గడ్డం నాకుతోంది. సైకిలాయన పాపం, "నేనేం చేసేనండి?" అని అందరినీ అడుగుతున్నాడు.

తిరుగు పంటు ఎక్కేదాకా యామిని ఏడుస్తూనే ఉంది. ఇంటికి రాగానే కళ్ళు తుడుచుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని, మా ముగ్గుర్నీ వరుసగా నిలబెట్టింది.

"డాక్టరుగారిని ఫోన్లో అడిగేను. పిలుపు మార్చాలంటే చాలా రోజులు పడుతుందంట. ఆ పిలుపు ఇంక దేనికీ వాడకపోతే చాలంట. రోడ్డు మీద తలుపు తీస్తే పారిపోతుంది, పిలిస్తే వెనక్కి రావాలి. అందుకని ఇంట్లో ఇంకెవరూ ఆయ్ అనకూడదు. దాన్ని పిలవడానికి తప్ప. మామ్మా, నువ్వు కూడా. నాన్నా, నువ్వు కూడా."

"ఆ..." అని ఆగిపోయారు అత్తయ్యగారు. "అలాగేనే తల్లీ."

ఆయన చీరుకుపోయిన మోచేతి మీద పసుపు అద్దించుకుంటూ, కూతురు తనని నువ్వు అన్నదని నాకేసి చూశారు. ఆ చూపు నిండా సంతోషమే.

ఆయ్ మానెయ్యడం అంటే చుట్ట మానెయ్యడం లాంటిదని అప్పుడు తెలిసింది. నోటికి వచ్చేస్తుంది, మింగాలి. మింగాక ఆ ఖాళీలో ఏదో ఒక మాట పెట్టాలి, పెట్టాలంటే ఆలోచించాలి. అదీ అసలు చిక్కు. జాకెట్టు ఇచ్చిన ఆవిడ "బుధవారానికి అయిపోతుందా కుమారి గారూ?" అంటే ఎన్నేళ్ళ నుంచో ఆయ్ అని, పై వారం ఇచ్చేదాన్ని. ఇప్పుడు, "బుధవారానికి అవదండి, శుక్రవారం రండి" అనాల్సి వచ్చింది. ఆవిడ తెల్లబోయి, శుక్రవారమే వచ్చింది. అత్తయ్యగారు ఫోన్లో ఊఁ కొడుతుంటే, ముక్తేశ్వరం చెల్లెలు అక్కకి కోపమొచ్చిందనుకుని బస్సెక్కి వచ్చేసింది. మా ఆయన "కూర బాగుందా?" అని నన్ను ఎదురు అడిగిన పూట, "ఉప్పు ఎక్కువైందండి" అన్నాను. "నేనూ అదే అనుకుంటున్నాను" అన్నారాయన. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మర్నాటి నుంచి పెద్ద కంచం దించడం మానేశాను. నలుగురం కింద కూర్చుని తిన్నాం.

ఒక సాయంత్రం కార్లో గట్టు మీద వెళ్తుంటే ఆయన అద్దంలోంచి యామినిని చూస్తూ, "ఇంజనీరింగే కదమ్మా చేరేది?" అన్నారు.

దాని నోరు తెరుచుకుని, మూసుకుంది.

"కాదు నాన్నా. నాకు అది ఇష్టం లేదు. కాకినాడలో డిగ్రీ చదువుతాను. లెక్కలు."

"మరి ఫోన్లో అడిగినప్పుడల్లా ఆయ్ అన్నావు?"

"ఆయ్ అన్నాను, అంతే," అంది. ఆ మాటకి వెంటనే కుక్కపిల్ల లేచి దాని మొహం నాకింది. ఆయ్ అన్నవాళ్ళు కారు సీటు తుడవాలని యామిని పెట్టిన శిక్ష యామినికే పడింది.

ఆయన నవ్వుతూ కారు ఇంటివైపు తిప్పారు.

మే నెలాఖరులో, అరకు ప్రయాణం ఇంకా కాస్త ఎడం ఉందనగా, మధ్యాహ్నం పూట ఆయనకి ఫోనొచ్చింది. కొబ్బరిచెట్టు కింద నిలబడి అరబ్బీలో మాట్లాడటం చూశాను. నేను మిషను మీద కుక్కపిల్లకి పరుపు కుడుతున్నాను, పాత దుప్పటి లోపల పెట్టి, జాకెట్టు ముక్కలు పైన అతికి. దారిలో దానికి తెలిసిన వాసన ఉండాలని కృపారావు గారు చెప్పారు. ఆ ముక్కలన్నిట్లో మా ఊరి ఆడవాళ్ళందరి వాసనా ఉంటుంది.

ఆయన ఫోను జేబులో పెట్టుకుని వరండా మెట్టు దగ్గరికి వచ్చారు.

"బాబా కొడుకు చేసేడు. టికెట్టు తీస్తున్నాడంట. అరకు నించి రాగానే బయల్దేరాలి." కాసేపు కింది మెట్టు కేసి చూశారు. "వెళ్ళొస్తాను మరి."

ఆ మాటకి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. నోరు దాని పాటికి అదే తెరుచుకుంది. మిషను కింద గుడ్డముక్కల్లో పడుకున్న కుక్కపిల్ల తలెత్తి, నిలబడ్డ చెవి నా వైపు తిప్పింది.

నోరు మూసుకున్నాను. ఆయన ఎదురుచూస్తున్నారు. అదీ ఎదురుచూస్తోంది. ఆయ్ కాకపోతే సరే అనాలి. సరే అని నాకు లేదు.

"వెళ్ళొద్దండి," అన్నాను.

"ఏంటి?"

"వెళ్ళొద్దన్నాను."

మిషను ఆగే ఉంది, వినపడలేదనడానికి లేదు. ఆయన మెట్టు మీద కూర్చున్నారు.

"ఎప్పుడూ అన్లేదే?"

"మీరు ఎప్పుడు అడిగేరండీ? చెప్పేరు. వెళ్తున్నానని చెప్పేరు, పొడిగించేనని చెప్పేరు. చెప్పినదానికి ఏమంటారు ఎవరైనా?"

"ఇప్పుడూ అడగలేదుగా?"

"అడగలేదు. అనడానికి వేరే మాట దొరక్క నిజం అనేసేను."

ఆయన కుక్కపిల్ల చెవి వేళ్ళతో సవరిస్తూ కూర్చున్నారు. "ఇక్కడుంటే ఏం చేస్తానే కుమారీ? బండి తోలడం తప్ప నాకేం వచ్చు?"

"ఇక్కడ రోడ్లు లేవాండి? అమలాపురంలో స్కూలు బస్సులకి డ్రైవర్లు దొరక్క తిరుగుతున్నారు. కారుంది, కిరాయికి తిప్పండి. ఏదీ కుదరకపోతే నా పక్కన కూర్చుని కాజాలు కుట్టండి."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. లేచి వెళ్ళి, పొద్దున్నే కడిగిన కారుని మళ్ళీ కడగడం మొదలుపెట్టారు. ఎండలో నీళ్ళు ఎప్పటికప్పుడే ఆరిపోతున్నాయి. నేను కుట్టు పూర్తి చేశాను గానీ రెండుచోట్ల వంకర పోయింది.

ఆ తరవాత ఆయన ఆ ఊసెత్తలేదు. నేను అన్నమాట వెనక్కి తీసుకోలేదు. భయం వేసింది, అబద్ధం ఎందుకు. ఇన్నేళ్ళ మర్యాద ఒక్క మధ్యాహ్నం పాడుచేసుకున్నానా, మనసులో నొచ్చుకుని వెళ్ళిపోతారా అని. అత్తయ్యగారు చాటుగా, "వాడేమన్నాడే?" అని అడిగారు. "ఏమీ అనలేదండి" అన్నాను. "వాళ్ళ నాన్నా అంతే. ఒక్క మాట బయటికి రావాలంటే కొబ్బరికాయ దిగినంత ఆలస్యం," అని ఆవిడ నా వీపు నిమిరారు.

ప్రయాణం సర్దుడు మాత్రం ఆగలేదు. గిన్నె, నీళ్ళ క్యాను, పాత తువ్వాళ్ళు, దాని మాత్రలు, మా పులిహోర, జంతికలు. యామిని కుక్కపిల్ల మెడ పట్టీ మీద ఒక ఫోన్ నంబరు రాసింది. ఎవరి నంబరు రాశావే అంటే, "నాన్నది. ఇక్కడి సిమ్‌ది," అంది, ఆయనకి వినపడేలాగే.

కాలువకి నీళ్ళు వదిలారని కబురొచ్చిన మర్నాడు, తెల్లవారుతూనే బయల్దేరాం. గట్టు వెంట కొత్తనీళ్ళు ఎండుటాకుల్ని తోసుకుంటూ కారుతోపాటు వస్తున్నాయి. కుక్కపిల్ల ఖాళీ కడుపుతో నా ఒళ్ళో పరుపు మీద ఉంది. అత్తయ్యగారు వెనక సీట్లో నిమ్మకాయ వాసన చూస్తూ కళ్ళు మూసుకున్నారు. రావులపాలెం దాటాం, జొన్నాడ వంతెన మీద గోదావరి దాటాం. ఎవరూ కక్కలేదు. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు కూడా.

ఆలమూరు మలుపు దాటాక ఆయన ఉన్నట్టుండి కారు పక్కకి తీసి ఆపారు.

"బాబా నమాజు చేసుకుని లేచుంటాడు ఈపాటికి," అని ఫోను తీసి కిందికి దిగారు. దిగి దూరం వెళ్ళలేదు, నా అద్దం పక్కనే నిలబడ్డారు. కుక్కపిల్ల గాలి కోసం అద్దాలు దించే ఉన్నాయి.

ఆయన అరబ్బీ అంత దగ్గర నుంచి ఎప్పుడూ వినలేదు. ఇంట్లో మెల్లిగా మాట్లాడే మనిషికి ఆ భాషలో గొంతు పెద్దది, చేతులు ఊపుతారు, నవ్వుతారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో మాత్రం యామిని అన్నారు. ఒకసారి కుమారి అన్నారు. ఆ తరవాత చాలాసేపు వింటూ నిలబడి, నేల మీద రాయిని చెప్పుతో అటూ ఇటూ దొర్లించారు. చివర్లో గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో మెల్లిగా అని, ఫోను పెట్టేశారు.

వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనక యామిని సీటు అంచుకి జరిగింది.

"ఏం చెప్పేరండి?" అన్నాను.

"రానని చెప్పేను. మావాళ్ళకి ఇప్పుడిప్పుడే నేను అలవాటవుతున్నాను బాబా, మధ్యలో వదిలేసి వస్తే మళ్ళీ మొదటికొస్తుంది అన్నాను."

"ఆయనేమన్నారు?"

"నీ పెళ్ళాం పిల్లలే కదా, కొత్తగా అలవాటేంటి అని అడిగేడు."

"మీరేమన్నారు?"

ఆయన అద్దంలోంచి వెనక సీటు చూశారు, తరవాత నన్ను చూశారు.

"నిజమే చెప్పేను. ఇన్నేళ్ళూ చుట్టంలాగే వచ్చి వెళ్ళేనని," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఇన్నేళ్ళ ఏడుపు ఆలమూరు రోడ్డు పక్కన, పట్టపగలు, లారీలు పోతుండగా ఏడ్చాను. యామిని వెనక నుంచి చెయ్యి చాపి ఒక చెయ్యి నా భుజం మీదా, ఇంకోటి వాళ్ళ నాన్న భుజం మీదా వేసింది. అత్తయ్యగారు నిమ్మకాయ ముక్కు దగ్గర నుంచి తియ్యకుండానే, "బండి పోనీరా రవణా, ఎండెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది," అన్నారు.

"అలాగేనమ్మా," అని ఆయన గేరు మార్చారు.